నీళ్ళు తోడితే వచ్చే గాలి

మా ల్యాబు ముందు జీపు ఆగేసరికి మిట్టమధ్యాహ్నం. వేలూరు ఎండ ఎరిగినవాళ్ళకు కొత్తగా చెప్పేదేమీ లేదు. చుట్టూ ఉన్న బండ కొండలు పొద్దుటి నుంచీ కాగి, ఆ సెగను ఊరి మీదికే వదులుతాయి. జీపు వెనక పొడుగాటి అల్యూమినియం డబ్బాలు ఉన్నాయి. కదలకుండా పాత దుప్పట్లు చుట్టి తాళ్ళతో కట్టారు. ఒక్కో డబ్బాలో ఒక్కో బొగ్గు కడ్డీ. భూమిలో బాగా లోతు నుంచి రిగ్గుతో కోసి తీసి, పైకి రాగానే డబ్బాలో పెట్టి మూత బిగించేస్తారు, బొగ్గులో ఉన్న గాలి ఎగిరిపోకుండా.

సంతకం పెడుతూ, మాటవరసకు, ఏ ఊరి దగ్గర తీసినవని డ్రైవరును తమిళంలో అడిగాను. తంజావూరు వైపు ఒక పల్లె పేరు చెప్పాడు. సంతకం సగంలో నా చెయ్యి ఆగిపోయింది. అది మా వదిన కాపురం ఉన్న ఊరు. మా ఆయన తోడబుట్టిన అక్క ఆమె. మా అత్తగారి ఊరు గుడియాత్తంలో పుట్టి, కావేరి కాలవల కింద మాగాణి ఉన్న ఇంటికి కోడలిగా వెళ్ళింది.

"ఏమైందమ్మా?" అన్నాడు డ్రైవరు.

"ఏమీ లేదు" అని సంతకం పూర్తి చేశాను.

నా పని గాలిని కొలవడం. బొగ్గు చూడ్డానికి రాయిలాగా ఉంటుంది గానీ, లోపలంతా కంటికి కనపడని సందులు. ఆ సందుల గోడలకు మీథేన్ అంటుకుని ఉంటుంది. పట్నాల్లో పైపుల్లో ఇళ్ళకు వచ్చే వంట గ్యాసు అదే. భూమి లోపల నీళ్ళ బరువు దాన్ని అక్కడే అదిమి ఉంచుతుంది. మేము డబ్బాను వెచ్చటి నీళ్ళ తొట్టిలో పెట్టి, దానికి సన్నటి గొట్టం తగిలిస్తాం. బొగ్గు వదిలిన గాలి గాజు గొట్టంలోని నీళ్ళను కిందికి నెడుతుంది. నీళ్ళు ఎంత దిగితే గాలి అంత అన్నమాట. మొదట గబగబా వస్తుంది, తర్వాత మెల్లగా, ఆ తర్వాత ఎప్పుడో ఒక బుడగ. వారాల తరబడి కాచుకోవాలి. చివరికి బొగ్గును పొడి చేసి, అప్పటికీ వదలని గాలిని కూడా లెక్క వేస్తాం. ఆ అంకెలకు పొర మందమూ విస్తీర్ణమూ కలిపి, ఆ నేల కింద ఎంత ఇంధనం ఉందో, తీస్తే గిట్టుతుందో లేదో అంచనా కడతారు.

అప్పటిదాకా మాకు వచ్చిన బొగ్గంతా ఉత్తరాది గనుల వైపుది, కొంత గోదావరి వైపుది. ఆ ఊళ్ళు నేను చూసింది లేదు. పేరు చదివేదాన్ని, లోతు రాసుకునేదాన్ని. ఆ లోతుకు పైన ఎవరు ఏం పండించుకుంటున్నారో ఒక్కనాడు కూడా నా తలలోకి రాలేదు.

ఆ సాయంత్రం కాట్పాడిలో రైలెక్కి గుడియాత్తం వెళ్ళాను. పెళ్ళయినప్పటి నుంచీ నా రాకపోకలు ఆ రైల్లోనే. మా ఆయనది జోలార్పేటలో రైల్వే ఉద్యోగం. డ్యూటీని బట్టి ఇంట్లో ఉంటాడు, ఉండడు. ఇంట్లో ఎప్పుడూ ఉండేది మా మామ. ఆయనకు పరదరామి దారిలో పొలం ఉంది. తాతల కాలం నుంచి అక్కడే సేద్యం. ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, కానీ ఆయన చదివేది తమిళ పేపరు. నేను కూడా తెలుగు అక్షరాలు తిరుపతిలో చదువుకునేటప్పుడు, హాస్టల్లో తోటి పిల్లల దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు నేను రాస్తున్నది మా ఇంట్లో ఎవరూ చదవలేరు.

మామ అరుగు మీద కూర్చుని నా కోసమే చూస్తున్నాడు.

"మీ వదిన ఫోన్ చేసినాదిమ్మా. వాళ్ళ ఊరి పక్కన రిగ్గు దించినారంట. నీళ్ళకు కాదంట, గ్యాసుకంట. నీకేమన్నా తెలుసునా?"

"తెలుసు మామా. ఆ బొగ్గు ఈ పొద్దు మా దగ్గరికే వచ్చినాది."

ఆయన పక్కకు జరిగి నాకు అరుగు మీద చోటిచ్చాడు. తర్వాత అడిగాడు. "ఆ గ్యాసు ఎట్ల తీస్తారు?"

"ముందు నీళ్ళు తోడేస్తారు. బొగ్గు పొరలో ఉండే నీళ్ళు. నెలల కొద్దీ, ఒక్కోచోట ఏండ్ల కొద్దీ తోడతారు. నీళ్ళ బరువు తగ్గినాకనే గాలి విడిపడి పైకి వస్తాది."

"మోటారు పెట్టేనా?"

"మోటారు పెట్టే."

"తోడిన నీళ్ళు యాడ పోస్తారు?"

"అవి ఉప్పుగా ఉంటాయి మామా. కాలవలో వదలకూడదు. శుద్ధి చేయాల."

"పై నీళ్ళ సంగతేమి? పంటకు తోడుకునే నీళ్ళు?"

"మధ్యలో బంకమట్టి పొర గట్టిగా ఉంటే పై నీళ్ళకు ఏమీ కాదు. లేకుంటే అవీ దిగిపోతాయి. అది వేరేగా చూడాల."

"చూసినారా?"

"అది మా పని కాదు మామా. మమ్మల్ని అడిగింది గాలి ఎంతని మాత్రమే."

ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. "మేము తోడుకున్నాం కదా" అన్నాడు, నాతో కాదు, వీధి వైపు చూస్తూ. "కరెంటు మోటారు వచ్చినాక, ఈ చుట్టుపక్కల మొదట బోరు వేసింది నేనే. పక్కోడు నాకంటే లోతుకు పోయినాడు, నేను వాడికంటే లోతుకు పోతిని. చెరుకు పోయినాది, టెంకాయ చెట్లు మాడినాయి. ఇప్పుడు వాన పడితే వేరుశనగ బుడ్డలు, లేకుంటే మామిడి చెట్లే. ఎవరి మీదా ఏడ్చేదానికి లేదు. మేమే తోడుకున్నాం."

ఆ మాటలు ఆయన ఎప్పుడూ చెప్పేవే. ఆ రోజు మాత్రం మొదటిసారి విన్నట్టు విన్నాను.

ల్యాబులో ఆ డబ్బాలు మిగతావాటి పక్కనే ఉన్నాయి. గాలి వస్తూనే ఉంది. పై పొరల బొగ్గులో తక్కువ, లోతు పొరల్లో ఎక్కువ. గట్టి బొగ్గు పట్టుకున్నంత గాలిని తంజావూరు వైపు దొరికే ఈ మెత్తటి గోధుమరంగు బొగ్గు, లిగ్నైటు, పట్టుకోదు. అయినా పొర మందంగా ఉంది, చాలా దూరం పరుచుకుని ఉంది. మొత్తం కలిపితే చిన్న సంగతి కాదు. దేశానికి గ్యాసు కావాలి. ఓడల్లో తెప్పించుకునే బదులు మన నేలలోనే దొరికితే మంచిదే కదా అని నేను చాలాసార్లు నమ్మకంగా చెప్పినదాన్నే. ఇప్పటికీ ఆ మాట అబద్ధమని అనను. కానీ ఆ గాజు గొట్టంలో నీళ్ళు దిగినప్పుడల్లా వదిన ముఖం కనపడేది.

వదిన నాకంటే పెద్దది. పొడవు మనిషి, గట్టిగా నవ్వుతుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ ఇంట్లో నాకు భయం పోగొట్టింది ఆమే. డబ్బాలు వచ్చిన ఆ ఏడు గంగమ్మ శిరసు పండక్కి భర్తతో కలిసి వచ్చింది. వదిన భర్తను నేను అన్నా అనే పిలిచేదాన్ని. తక్కువ మాటల మనిషి, ఎప్పుడూ కాళ్ళకు ఎండిన బురద ఆనవాలు ఉన్నట్టే ఉండేవాడు.

గుడియాత్తంలో శిరసు పండగంటే ఊరు ఊరంతా వీధిలోనే. అమ్మవారి శిరస్సును ఊరేగిస్తూ తీసుకొస్తుంటే జనం టెంకాయలు కొడతారు. పెంకులు కాళ్ళ కింద పరుచుకుపోతాయి, వీధంతా కొబ్బరినీళ్ళ వాసన. ఊరేగింపు మా వీధి దాటాక, వదిన నన్ను పెరట్లోకి పిలిచింది. నీళ్ళ తొట్టి గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం.

"పాపా, డబ్బాల సంగతి నాయన చెప్పినాడు. నిన్ను ఒకటే అడగతా. ఆ డబ్బాల్లో గ్యాసు లేదని రాసేయి."

నేను తల అడ్డంగా ఊపాను.

"గ్యాసు లేదంటే వాళ్ళు పోతారు కదా?"

"ఉండాది వదినా. నేను రోజూ చూస్తానే ఉండాను. వస్తానే ఉండాది."

"ఉంటే ఉండనీ. ఎవరు చూడొచ్చినారు? చూసేది నువ్వే కదా!"

"నేను లేదని రాస్తే ఇంకో ల్యాబుకు పంపిస్తారు. వాళ్ళు ఉండాదని రాస్తారు."

"అప్పటి సంగతి అప్పుడు. నీ చేత్తో నువ్వు రాయొద్దు."

"వదినా, ఉన్నదాన్ని లేదని నేను ఒకసారి రాస్తే, రేపు ఎవరికన్నా అపాయముండాదని రాసినా నమ్మరు. నా మాటకు విలువ ఉండేది అందుకే."

ఆమె నా వైపు తిరిగి చూసింది. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది ఆ చూపులో.

"నీవి చదువుకున్నోళ్ళ మాటలు. మా మాగాణి కింద గాలి ఉంటే మాకేమి, లేకుంటే మాకేమి? పైన నీళ్ళుంటే మేము బతకతాం. ఈడ మా నాయన నేల ఎట్లయినాదో నేను చూసినాను. ఆడా అదే చూడాలనా?"

"నేను తవ్వమని రాయడంలేదు వదినా. ఎంత ఉండాదో రాస్తా ఉండాను."

"తవ్వేవాడికి దావ చూపించి, నేను తవ్వలేదంటావు."

ఆమె తొట్టి గట్టు దిగి లోపలికి వెళ్ళింది. మరునాడు వాళ్ళు బస్సుకు బయలుదేరారు. పుట్టింటి నుంచి వెళ్ళేటప్పుడు నా చేత పసుపు కుంకుమ పెట్టించుకోకుండా ఆమె ఏనాడూ గడప దాటలేదు. ఆ రోజు మామకు మొక్కి, నా ముందు నుంచే నడిచి వెళ్ళిపోయింది. నేను కుంకుమ భరిణె పట్టుకుని నిలబడిపోయాను. వెనక సంచి మోసుకుంటూ వస్తున్న అన్న ఆగి, "కోపం తగ్గతాదిలేమ్మా, కొన్నాళ్ళు పోనీ" అన్నాడు.

మా ల్యాబుకు పెద్ద ఒక మేడం. నడివయసు దాటిన మనిషి. ఎవరినీ గట్టిగా మందలించదు, ఎవరినీ సులభంగా మెచ్చుకోదు. సోమవారం ఆమె గదికి వెళ్ళి ఉన్న సంగతంతా చెప్పాను. ఆ ఊళ్ళో మావాళ్ళ భూమి ఉంది, నన్ను ఇట్లా అడిగారు, నేను కాదన్నాను అని.

"పని ఇంకొకరికి ఇవ్వమంటావా?" అని అడిగింది.

"ఇస్తే మంచిదేమో. కానీ ఎవరు చూసినా వచ్చేది ఆ అంకే కదా మేడం."

"అంకె అదే వస్తుంది. కానీ రేపు ఎవరైనా వేలెత్తి చూపితే?" కాసేపు ఆలోచించింది. "పని నువ్వే చెయ్యి. నీ ప్రతి లెక్కా ఇంకొకరు మళ్ళీ వేస్తారు. సరేనా?"

సరేనన్నాను. లేచి వెళ్ళబోతూ ఆగాను. మామ అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది.

"మేడం, వాళ్ళు అడిగింది ఆ పొరలో ఎంత గ్యాసు తీయవచ్చో చెప్పమని. నీళ్ళు తోడకుండా గ్యాసు రాదు. ఆ నీళ్ళు ఎన్ని వస్తాయో, ఎంత ఉప్పగా ఉంటాయో, పైనున్న నీళ్ళు నిలుస్తాయో దిగిపోతాయో మనకు తెలియదు. అది తెలియకుండా తీయవచ్చని ఎట్లా రాస్తాం?"

"అది మనకు ఇచ్చిన పనిలో లేదు."

"లేదని రాయవచ్చు కదా? చూడలేదని?"

ఆమె కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "రాసి తీసుకురా, చూద్దాం" అంది చివరికి.

ఒక పేజీ రాశాను. ఎన్నిసార్లు కొట్టేసి రాశానో. ఎవరినీ తప్పు పట్టకుండా, భయపెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు. గ్యాసు ఇంత ఉంది. తీయాలంటే నీళ్ళు తోడాలి. తోడితే పై నీళ్ళకు ఏమవుతుందో ఈ పరీక్షల్లో చూడలేదు. అది చూడనిదే ఈ గ్యాసు ఆ చోట పనికొచ్చే వనరో కాదో తేల్చడం కుదరదు. మేడం రెండు మాటలు మార్చి, ఆ పేజీని ముందు భాగంలో పెట్టించింది.

పని ఇచ్చిన సంస్థ నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడేమీ కాదు. మర్యాదగా మాట్లాడాడు, మా లెక్కలు బాగున్నాయన్నాడు. ఆ పేజీ దగ్గరికి వచ్చి వేలు పెట్టాడు.

"మేము గ్యాసు ఎంతని అడిగాం. నీళ్ళ సంగతి ఇంకో దశలో ఇంకొకరు చూస్తారు. ఇది ఇక్కడ అవసరం లేదు కదండీ?"

"వాళ్ళు చూసేదాకా చూడలేదన్న మాట నిజమే కదా" అంది మేడం.

"నిజమే. కానీ ఇది పెడితే చదివేవాళ్ళు మిగతాదంతా వదిలేసి దీన్నే పట్టుకుంటారు."

"గ్యాసు అంకె ఒక్కటే పెడితే, దాన్నే పట్టుకుంటారు" అంది మేడం నెమ్మదిగానే.

చాలాసేపు మాటలు నడిచాయి. నేను ఒక మూల కూర్చుని విన్నాను. చివరికి ఆ పేజీ తీసేయలేదు. కానీ ముందు నుంచి వెనక్కి పోయింది, పట్టికలన్నీ అయిపోయాక, కాస్త చిన్న అక్షరాల్లో. అది గెలుపో ఓటమో నాకు తెలియలేదు. మేడం మాత్రం, "ఉంది కదా" అంది, అంతే. తర్వాత మరో పని తీసుకుంది.

ఆ వేసవి తర్వాత కాలవ దిగువ ఊళ్ళలో జనం రోడ్ల మీదికి వచ్చారు. మామ తమిళ పేపర్లో ఆ ఫోటోలు వెతుక్కుని చూసేవాడు. ఒకరోజు ఒక ఫోటోలో, ఆడవాళ్ళ గుంపులో చెయ్యెత్తిన మనిషిని చూపించి, "మీ వదిన లాగుంది కదూ?" అన్నాడు. ఆ మసక ఫోటోలో ఎవరైనా కావచ్చు. "ఆమె లాగే ఉండాది మామా" అన్నాను. కొన్నాళ్ళకు రిగ్గు ఎత్తుకుపోయారని తెలిసింది. ఆ తర్వాత ఆ పని ఆగిపోయిందని విన్నాం. జనం వల్లనో, పై నిర్ణయాల వల్లనో, ఆ మెత్తటి బొగ్గు గిట్టుబాటు కాదని అనుకున్నారో, అన్నీ కలిసో. వెనక పెట్టిన మా పేజీని ఎవరైనా చదివారో లేదో నాకు ఈ రోజుకీ తెలియదు. చదివారని చెప్పుకునే ధైర్యం నాకు లేదు.

పని ఆగింది కాబట్టి వదిన ఫోను చేస్తుందనుకున్నాను. మామకు చేసేది. తమ్ముడికి చేసేది. నేను ఎత్తితే, "నాయనకు ఇయ్యి" అనేది.

అట్లా రెండు శిరసు పండగలు ఆమె రాకుండానే గడిచాయి. ఆ తర్వాత ఒకరోజు మా ఆయన జోలార్పేట నుంచి ఫోను చేశాడు. "అక్క, బావ ఇద్దరూ వేలూరులో ఉండారు. బావకు లివరు చెడిపోయినాదంట. వచ్చి వారమయినాదంట, మనకు చెప్పలేదు. వాళ్ళ ఊరోడు రైల్లో కనపడి చెప్పినాడు."

ల్యాబు నుంచి నేరుగా ఆసుపత్రి వీధికి వెళ్ళాను. వేలూరులో ఆ వీధులు వేరే లోకం. దుకాణాల బోర్డులు బెంగాలీలో ఉంటాయి. ఎక్కడెక్కడి నుంచో రోగులూ వాళ్ళ వెంట వచ్చినవాళ్ళూ నెలల తరబడి లాడ్జీల్లో ఉండి, అక్కడే వండుకుని తింటారు. మూడో లాడ్జిలో దొరికారు. వదిన వరండాలో చిన్న స్టవ్వు ముందు కూర్చుని గంజి కాస్తోంది. సగానికి సగం చిక్కిపోయింది. నన్ను చూసి గరిటె పక్కన పెట్టింది.

"ఎవరు చెప్పినారు నీకు?"

"ఎవరు చెప్తేనేమి వదినా. నువ్వు చెప్పలేదు కదా."

"నిన్ను ఇబ్బంది పెట్టేదానికి వద్దనుకుంటిమి."

"ఇది నీ పుట్టింటి పక్క ఊరు. ఈడికి వచ్చి లాడ్జిలో ఉంటావా? మామకు తెలిస్తే ఆయన ప్రాణం ఏమవతాది?"

ఆమె తల వంచుకుని గంజి కలిపింది. పక్క గది ముందు ఒక ముసలామె హిందీలో ఎవరితోనో మాట్లాడుతోంది. వాళ్ళది బొగ్గు గనుల ప్రాంతమని ఆ మాటల్లో తెలిసింది. ఆ వైపు బొగ్గు ఎన్నోసార్లు నా చేతుల మీదుగా పోయింది. ఆ మనుషులను చూడటం అదే మొదటిసారి.

"ఈయన మీ ఇంటికి పోదామనే అన్నాడు" అంది వదిన, తల ఎత్తకుండానే. "నేనే వద్దంటిని. ఏ ముఖం పెట్టుకుని వచ్చేది?"

"నేను కదా ఆ మాట అనుకోవాల్సింది."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నాకు సులభంగా ఉండేది. స్టవ్వు ఆపి, గంజి గిన్నె దించి, "ఆటో పిలువు. సామాను ఎక్కువ లేదు" అంది.

ఆ తర్వాత చాలా వారాలు అన్న మా ఇంట్లోనే ఉన్నాడు. ఆసుపత్రి రోజుల్లో వేలూరుకు, మిగతా రోజుల్లో గుడియాత్తం అరుగు మీద. ఆయనా మామా పక్కపక్కనే కూర్చుని గంటల తరబడి ఒక్క మాటా లేకుండా ఉండేవాళ్ళు. ఇద్దరికీ అదే బాగున్నట్టుండేది.

ఒక ఆదివారం నేను కూర తరుగుతుంటే, అన్న తనంతట తనే అడిగాడు.

"ఎంత ఉండాదమ్మా మా కింద?"

అర్థమయింది. ఆ పొర ఎంత లోతులో ఉందో, ఎంత మందమో, ఎంత గాలి ఉందో, ఆయనకు తెలిసే కొలతల్లో చెప్పాను. ఎన్ని ఇళ్ళలో ఎన్నాళ్ళు పొయ్యి వెలుగుతుందో చెప్పాను. ఏదీ తగ్గించలేదు, పెంచలేదు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంతదాని మీదనా నేను పుట్టినప్పటి నుంచి పండుకునేది!" అని నవ్వాడు. నవ్వితే కడుపులో నొప్పి వచ్చి ఆగిపోయాడు. కాసేపటికి, "నువ్వు లేదని రాసింటే బాగుండునని నేనూ అనుకున్నానమ్మా. ఆ పొద్దు పైకి చెప్పలేదు" అన్నాడు.

"తెలుసన్నా."

"నీళ్ళ సంగతి ఏమన్నా రాసినావా?"

"రాసినాను. చూడలేదని, చూడకుండా తేల్చొద్దని. ఒక పేజీ."

"మాకు అది ఎవరూ చూపించలేదే."

"వెనక పెట్టినారన్నా. చిన్న అక్షరాల్లో."

"సరే. రాసినావు కదా" అన్నాడు.

వదిన వాకిట్లో నిలబడి ఇదంతా విందని అప్పుడే చూశాను. ఆమె లోపలికి వెళ్ళింది. ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను వద్దంటున్నా వినకుండా నా కంచంలో రెండోసారి అన్నం పెట్టింది, కొత్తగా పెళ్ళయి వచ్చినప్పుడు పెట్టినట్టే.

అన్న బతకలేదు. చలి మొదలవుతున్న రోజుల్లో, వేలూరు ఆసుపత్రిలో, వదిన చెయ్యి పట్టుకునే పోయాడు. పొద్దున కిటికీలో కొండలు మంచులో ఉన్నాయి. వదిన చాలాసేపు ఆ చెయ్యి వదల్లేదు. తర్వాత నన్ను చూసి, "మా ఊరికి తీసుకొనిపోదాం. ఆయన ఈడ ఉండలేడు" అంది. మామ ఆ వయసులో అంత దూరం వ్యాన్‌లో కూర్చుని వచ్చాడు. దారి పొడవునా అల్లుడి పాదాల మీద చెయ్యి వేసుకునే ఉన్నాడు.

ఆ ఊరిని నేను చూసింది అప్పుడే. దాని కింద ఏ లోతులో ఏ మట్టి ఉందో, ఏ లోతులో బొగ్గు మొదలవుతుందో నాకు తెలుసు. పైన ఏముందో తెలియదు. కనుచూపు మేరా పచ్చగా, సమంగా, గట్ల మధ్య నీళ్ళు. కొంగలు. ఎక్కడా బండ లేదు, కొండ లేదు. మా గుడియాత్తం వైపు నుంచి వెళ్ళినవాళ్ళకు ఆకాశం అంత పెద్దగా కనపడితే కొంచెం బెరుకుగానే ఉంటుంది.

కర్మాంతరం అయ్యాక, మేము బయలుదేరే ముందు, వదిన నన్ను గట్టు మీదుగా నడిపించి తీసుకెళ్ళింది. పక్కవాళ్ళ పొలంలో కొంత మేర సిమెంటు వేసి ఉంది. నడిమధ్య మూత వెల్డింగు చేసిన ఇనుప గొట్టం. తుప్పు పట్టింది. ఆ సిమెంటు మీద ఎవరో మినుములు ఆరబోశారు.

"ఇదే" అంది వదిన.

ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. క్షమించమని అడగడానికి నేను చేసింది తప్పని ఇప్పటికీ అనుకోను. తప్పు కాదని ఆమెతో అనడానికి నోరు రాలేదు. ఆమెకూ అంతే అనుకుంటాను.

"మళ్ళీ వస్తారా వాళ్ళు?" అని అడిగింది.

"చెప్పలేను వదినా. ఉన్నది ఉండాది కదా."

ఆమె తల ఊపింది. "వస్తే నువ్వు వచ్చి ఆ నీళ్ళ సంగతి మా వాళ్ళ ముందర చెప్పాల. తమిళంలో. పెద్ద అక్షరాలతో."

"వస్తాను."

ఇంటికి తిరిగి వచ్చాక కుంకుమ భరిణె తెచ్చింది. తను పెట్టుకోవడానికి లేదు కదా. నాకు పెట్టింది. నా కన్నీళ్ళు అప్పుడు ఆగలేదు.

పొలం కౌలుకు ఇచ్చేయమని బంధువులు చాలామంది చెప్పారు. ఇవ్వలేదు. తరువాతి కారు పంటకు తనే నిలబడి నాట్లు వేయించింది. ఇప్పుడు వారానికోసారి ఫోను చేస్తుంది. మామ ఆరోగ్యం అడుగుతుంది, తమ్ముడు ఏ డ్యూటీలో ఉన్నాడో అడుగుతుంది. మొన్న చేసినప్పుడు, కాలవలో నీళ్ళు ఆలస్యంగా వదిలారని, నారు ముదిరిపోతోందని బాధపడింది. "వస్తాయిలే వదినా" అన్నాను. "రావాల" అని, పొలంలో ఎవరో పిలుస్తున్నారంటూ పెట్టేసింది.